ఎలిజబెత్ కాటన్ ఆల్బమ్ వినాలంటే ముందు బొటనవేలిని పట్టుకోండి

మీది ఎడమచేతివాటం అని తెలిసి ఎవరో మిమ్మల్ని అమెరికన్ జానపద గాయని, గిటారిస్టు ఎలిజబెత్ కాటన్ ‘ఫ్రైట్ ట్రైన్ అండ్ అదర్ నార్త్ కెరొలైనా ఫోక్ సాంగ్స్ అండ్ ట్యూన్స్’ వినమన్నారు. విన్నారు. గొంతు సన్నగా ఉంది, రికార్డింగు పాతగా ఉంది, గిటార్ మొదటినుంచి చివరిదాకా ఒకే నడకలో పోతోంది, దీన్ని జనం ఇంతగా నెత్తిన పెట్టుకోవడానికి కారణమేంటి, ఎలా వినాలి, ఆవిడలాగే నేనూ గిటార్‌ని తిరగేసి పట్టుకోవచ్చా అని అడిగారు. ఫింగర్‌పికింగ్, అంటే తీగల్ని ఒక్కో వేలితో విడిగా మీటే గిటార్ పద్ధతి, వాయించడం, నేర్పడం చాలా ఏళ్లుగా నా పని. నా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరికీ మొదట్లోనే ఈ ఆల్బమ్ వినిపిస్తాను. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ముందు పాటని కాసేపు పక్కన పెట్టి చేతిని వినండి. చెయ్యి వినపడితే మీకు ‘ఒకేలా’ అనిపించిన ఆ నడకలో ఎంత పని జరుగుతోందో తెలుస్తుంది.

మామూలుగా గిటార్ పట్టుకుంటే లావు తీగలు పైన, మన మొహం వైపు ఉంటాయి. సన్న తీగలు కింద, నేల వైపు ఉంటాయి. బొటనవేలు సహజంగానే పై తీగల మీద వాలుతుంది కాబట్టి బేస్, అంటే కింది మంద్ర స్వరాలు, దాని వంతు. చూపుడువేలు, నడిమివేలు సన్న తీగల మీద పాట మీటుతాయి. ఫింగర్‌పికింగ్ పాఠాలన్నీ ఈ లెక్క మీదే మొదలవుతాయి. కాటన్‌ది ఎడమచేతివాటం. చిన్నప్పుడు ఇంట్లో వాళ్ల అన్నయ్య బాంజో (గిటార్‌లాంటి తీగల వాయిద్యం) దొరికింది. తీగలు మార్చకుండా ఉన్నదాన్ని ఉన్నట్టే తిప్పి పట్టుకుని వాయించడం మొదలుపెట్టింది. తర్వాత గిటార్ చేతికొచ్చినా అదే పద్ధతి. దాంతో సన్న తీగలు పైకి, లావు తీగలు కిందికి వచ్చాయి. బొటనవేలు పాట అందుకుంది, బేస్ చూపుడువేలికి దక్కింది. అమెరికాలో ఈ పద్ధతిని ఇప్పటికీ ఆవిడ పేరుతోనే ‘కాటన్ పికింగ్’ అంటారు.

దీనివల్ల శబ్దంలో ఏం మారుతుందో గమనించండి. బొటనవేలికి కండ ఎక్కువ, బరువు ఎక్కువ, అది తీగని కిందికి నొక్కి వదులుతుంది. అలాంటి వేలు సన్న తీగ మీద పడితే స్వరం గుండ్రంగా, నిండుగా వస్తుంది. చూపుడువేలు లావు తీగని కిందినుంచి పైకి లాగుతుంది కాబట్టి బేస్ ధబ్‌మని పడకుండా తేలిగ్గా ఎగురుతుంది. మామూలు వాయింపులో బేస్ బరువుగా, పాట సన్నగా ఉంటే, ఈవిడ దగ్గర ఆ బరువులు తారుమారయ్యాయి. పాట ముందుకొచ్చి నిలబడుతుంది, కింద బేస్ చిన్న అడుగులు వేస్తూ పోతుంది. కుడిచేతి వాయింపులో ఎంత నిపుణుడికైనా ఈ తూకం అచ్చంగా దొరకదు. నోట్సు అన్నీ సరిగ్గా వాయించినా కాటన్‌లా వినపడకపోవడానికి కారణం ఇదే.

వీణ దగ్గరగా చూసినవాళ్లకి నేను చెప్పేది తొందరగా అందుతుంది. చూపుడువేలు, నడిమివేలు ప్రధాన తీగల మీద రాగం పలికిస్తుంటే, అదే చేతి చిటికెనవేలు పక్క తీగల మీద తాళం వేస్తుంది. ఒకే చెయ్యి రెండు బాధ్యతలు మోస్తుంది. ఇక్కడా అంతే. తేడా ఏమిటంటే ఇక్కడ తాళం వేసే వేలు మధ్యలో ఎక్కడా ఆగదు, ప్రతి లెక్కకీ ఒక బేస్ స్వరం పడాల్సిందే.

ఇప్పుడు ‘ఫ్రైట్ ట్రైన్’ పెట్టండి. మొదటిసారి వింటున్నప్పుడు కాలితో తాళం వేస్తూ బేస్‌ని మాత్రమే వెంబడించండి. అది ఒకే తీగ మీద ఉండదు, రెండు తీగల మధ్య ఊగుతుంటుంది. పాడుతున్నప్పుడు, ఊపిరి తీసుకుంటున్నప్పుడు, చరణానికీ చరణానికీ మధ్య కూడా ఆ ఊపు చెదరదు. ఇంకోసారి వింటూ బేస్‌ని కాలికే వదిలేసి పై స్వరాలు చూడండి. కొన్ని సరిగ్గా లెక్క మీద పడతాయి, కొన్ని లెక్కకీ లెక్కకీ మధ్య జారతాయి. ఆ జారుడే పాటకి ప్రాణం. తర్వాత గొంతుని వినండి. గిటార్ పాటకి తోడుగా కార్డులు (కొన్ని స్వరాలు ఒకేసారి కలిపి మోగించేవి) కొడుతూ ఊరుకోవడం లేదు, ఆవిడ పాడుతున్న వరుసనే బొటనవేలు దాదాపు స్వరానికి స్వరంగా వాయిస్తోంది. గొంతు సన్నగా ఉందన్నారు కదా, దానికి గట్టిగా ఉండాల్సిన అవసరం లేదు. పాటని మోస్తున్నది గిటార్.

ఆ పాటలో మూడో పాదం దగ్గర ఆగి వినమని ప్రత్యేకంగా చెబుతాను. ఆవిడ దాన్ని సి కార్డు ఆకారాల్లో వాయిస్తుంది. మొదటి రెండు పాదాలు సి, జి మధ్యే నడుస్తాయి, అందులో వింతేమీ లేదు. మూడో పాదంలో ఉన్నట్టుండి ఇ మేజర్ వస్తుంది. మన లెక్కలో సి షడ్జం అనుకుంటే ఈ స్వరాల వరుస శంకరాభరణం. ఇ మేజర్‌లో ఉండే జి షార్ప్ శుద్ధ ధైవతం, శంకరాభరణంలో దానికి చోటు లేదు. వెంటనే ఎఫ్ మేజర్ వచ్చి చతుశ్రుతి ధైవతాన్ని తెస్తుంది. అంటే చిన్న ధైవతం ఒక్క మెట్టు ఎక్కి పెద్ద ధైవతమై కుదుటపడుతుంది. తాను ఏ బండి ఎక్కానో ఎవరికీ చెప్పొద్దని పాడే చోట ఈ మెట్టు వస్తుంది. ఈ పాట కట్టేనాటికి ఆవిడకి పన్నెండేళ్లు నిండాయో లేదో. సంగీతం ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఆ వయసులో ఆ కార్డు ఆ చోట పడాలని ఆ పిల్ల చెవికి తట్టింది. నేను ఎన్నిసార్లు నేర్పినా ఆ చోటికి వచ్చేసరికి నాకు ముచ్చటేస్తుంది.

ఆవిడ గురించి కొంత తెలిస్తే మిగతా పాటలు కూడా తెరుచుకుంటాయి. 1893లో నార్త్ కెరొలైనాలో, చాపెల్ హిల్ పక్కనున్న కార్‌బరోలో పుట్టింది. ఇంటికి దగ్గర్లోనే రైలు పట్టాలు. నేను ఉండే కేరీ అనే ఊరు కూడా ఇదే రాష్ట్రంలో ఉంది, అక్కడినుంచి కార్‌బరోకి కారులో అరగంట. ట్రయాంగిల్ అని పిలిచే ఈ ప్రాంతంలో మన తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు కాబట్టి చాలామంది ఆ దారిన పోయే ఉంటారు. పట్టాల పక్కనున్న సైకిల్ బాటకి ఇప్పుడు ‘లిబ్బా కాటన్ బైక్‌వే’ అని ఆవిడ పేరే పెట్టారు, లిబ్బా ఆవిడ ముద్దుపేరు. అక్కడ నిలబడి చూస్తే ఆ పట్టాలు ఇళ్లకి ఎంత దగ్గరో అర్థమవుతుంది. గూడ్సు బండి మీద పాట కట్టడానికి ఆ పిల్ల ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు.

చిన్నతనంలోనే ఇళ్లలో పనికి కుదిరింది. జీతం నెలకి 75 సెంట్లు. ఆ డబ్బు కూడబెట్టి 3 డాలర్ల 75 సెంట్లకి స్టెల్లా అనే బ్రాండు గిటార్ ఒకటి కొనుక్కుంది, అంటే అయిదు నెలల జీతం. 1910లో పెళ్లయింది, కూతురు పుట్టింది. చర్చిలో లౌకికమైన పాటలు మానేయమన్నారు. దాంతో గిటార్ పక్కకి పోయింది, కొన్ని దశాబ్దాలపాటు దాదాపు ముట్టుకోలేదు. 1940ల్లో వాషింగ్టన్‌లో ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో పనిచేస్తుండగా తప్పిపోయిన చిన్నపిల్లని తల్లి దగ్గరికి చేర్చింది. ఆ పిల్ల పెగ్గీ సీగర్, తల్లి సంగీతకర్త రూత్ క్రాఫర్డ్ సీగర్. ఆ పరిచయంతో సీగర్ల ఇంట్లో వంటపనికి కుదిరింది. ఆ ఇంటి నిండా జానపద సంగీతమే. గోడకి వేలాడుతున్న గిటార్ తీసి మళ్లీ వాయించడం మొదలుపెట్టింది. ఆ ఇంటి కొడుకు మైక్ సీగర్ 1957, 58ల్లో టేప్ రికార్డర్ పట్టుకెళ్లి ఆవిడ ఇంట్లోనే, కొన్నిసార్లు పడకగదిలో, మనవలు చప్పుడు చెయ్యకుండా కూర్చుని వింటుంటే రికార్డు చేశాడు. మీకు ‘పాతగా’ వినపడింది ఆ గది. స్టూడియో లేదు, ప్రతిధ్వని కలపలేదు, అరవై దాటిన మనిషి తన మంచం దగ్గర కూర్చుని వాయిస్తున్నంత దగ్గరగా మైకు ఉంది. తీగ మీద వేలు జరిగిన చప్పుడు కూడా వినపడుతుంది. నాకైతే అది లోపమని ఎప్పుడూ అనిపించలేదు.

1958లో ఫోక్‌వేస్ అనే రికార్డు కంపెనీ దీన్ని ‘ఫోక్‌సాంగ్స్ అండ్ ఇన్‌స్ట్రుమెంటల్స్ విత్ గిటార్’ అనే పేరుతో విడుదల చేసింది. మీరు విన్నది 1989లో స్మిత్సోనియన్ ఫోక్‌వేస్ తిరిగి తెచ్చిన సీడీ రూపం. ఫోక్‌వేస్ స్థాపించిన మోజెస్ యాష్ 1986లో చనిపోయాడు. ఆ మరుసటి ఏడాది రెండు వేలకి పైగా ఆల్బమ్‌లున్న ఆయన భండారం అమెరికా జాతీయ మ్యూజియంలు నడిపే స్మిత్సోనియన్ సంస్థకి చేరింది. ఒక్క ఆల్బమ్ కూడా అమ్మకంలోంచి తీసెయ్యకూడదని షరతు. ఏడాదికి పది కాపీలు అమ్ముడుపోయే రికార్డుకి కూడా చోటుండాలన్న ఆ పట్టుదల వల్లే ఈరోజు హైదరాబాద్‌లో కూర్చుని మీరు దీన్ని ఫోన్‌లో వినగలుగుతున్నారు.

ఇలా మళ్లీ విడుదల చెయ్యడం వల్ల జరిగిన ఇంకో మంచి పని ఆల్బమ్ పేరులోనే ఉంది. ఎవరి పాటో, ఏ ఊరి పాటో చెప్పని పాత పేరు పోయి ‘ఫ్రైట్ ట్రైన్’, ‘నార్త్ కెరొలైనా’ ముందుకొచ్చాయి. ఇది నాకు చాలా ముఖ్యం, ఎందుకో చెబుతాను. పెగ్గీ సీగర్ 1950ల మధ్యలో బ్రిటన్ వెళ్లి ఈ పాట అక్కడ పాడింది. ఆ నోటా ఈ నోటా పాకి, 1957లో చాస్ మెక్‌డెవిట్ స్కిఫుల్ గ్రూప్ (స్కిఫుల్ అంటే అప్పట్లో బ్రిటన్ కుర్రకారు వాయించిన జానపద తరహా సంగీతం), నాన్సీ విస్కీ పాడగా అక్కడ పెద్ద హిట్ అయింది. రికార్డు మీద రచయితలుగా ఉన్నవి మాత్రం వేరే ఇద్దరి పేర్లు. పాట కట్టిన మనిషి ఆ సమయానికి వాషింగ్టన్‌లో ఒకరింట్లో వంట చేస్తోంది. తర్వాత సీగర్ కుటుంబం తోడు నిలిచి పోరాడితే గానీ ఆవిడ పేరు చేరలేదు. అందుకే ఆ పాటని ఆవిడ చేతుల మీదుగా, ఆవిడ పేరుతో, ఆవిడ ఊరి పేరుతో వినడంలో ఒక న్యాయం ఉందనుకుంటాను. మైక్ సీగర్ రాసిన నోట్స్ స్మిత్సోనియన్ ఫోక్‌వేస్ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి, ఒక్కో పాటకీ ఉన్న వెనక కథ కోసం తప్పకుండా చదవండి.

‘ఒకే నడక’ అన్న మీ మాట దగ్గరికి మళ్లీ వస్తాను. ‘వాస్టపోల్’, ‘స్పానిష్ ఫ్లాంగ్ డాంగ్’ రెండూ వరసగా వినండి. ఇవి మామూలు శ్రుతిలో ఉండవు. మొదటిదానికి తీగల్ని లావు నుంచి సన్నానికి స ప స గ ప స అయ్యేలా సవరిస్తారు, ఓపెన్ డి అంటారు. రెండోదానికి ప స ప స గ ప, అది ఓపెన్ జి. ఎడమచెయ్యో కుడిచెయ్యో ఏదీ తీగ నొక్కకపోయినా ఒక నిండు కార్డు మోగుతుంది, అందుకే ఈ రెండింటిలో గిటార్ పెద్దదైనట్టు, గది నిండినట్టు ఉంటుంది. వీటి పుట్టుక కూడా వింతే. పందొమ్మిదో శతాబ్దంలో హెన్రీ వారల్ అనే ఆయన మధ్యతరగతి ఇళ్లలో వాయించుకోవడానికి ‘సెబాస్టపోల్’, ‘స్పానిష్ ఫాండాంగో’ అని రెండు గిటార్ రచనలు అచ్చువేయించాడు. క్రిమియా యుద్ధంలో ముట్టడి జరిగిన ఊరి పేరు మొదటిదానిది. కాగితం మీదినుంచి చేతుల్లోకి, ఒకరి చేతినుంచి ఇంకొకరి చేతికి పోతూ పోతూ, నల్లజాతి ఊళ్లలో రెండు తరాలు గడిచేసరికి పేర్లు అరిగి, వరుసలు మారి, ఇలా తేలాయి. ఇప్పటికీ అమెరికా దక్షిణాది బ్లూస్ వాయించేవాళ్లు ఓపెన్ డిని వెస్టపోల్ అని, ఓపెన్ జిని స్పానిష్ అని పిలుస్తారు.

‘విల్సన్ రాగ్’లో పియానో పోలిక వినండి. పేరులో ఉన్న రాగ్ అంటే రాగ్‌టైమ్ అనే పాత అమెరికన్ పియానో సంగీతం. ఆ పియానోలో ఎడమచెయ్యి అడుగులు వేస్తుంటే కుడిచెయ్యి వాటి మీద అటూ ఇటూ తప్పుతూ ఆడుతుంది. కొండలకీ సముద్రతీర మైదానానికీ మధ్యనున్న ఆ నేలని పీడ్‌మాంట్ అంటారు, అక్కడి గిటారిస్టులు ఆ రెండు చేతుల పనినీ ఒక్క చేతిలోకి తెచ్చారు. కార్‌బరోకి పక్కనే ఉన్న డరమ్‌లో పొగాకు గోదాముల దగ్గర బ్లైండ్ బాయ్ ఫుల్లర్, రెవరెండ్ గ్యారీ డేవిస్ లాంటివాళ్లు వీధిలో నిలబడి వాయించిన సంగీతం ఈ కుటుంబానిదే. మిసిసిపీ డెల్టా బ్లూస్‌లో ఉండే గాయం, గర్జన ఇక్కడ వెతక్కండి. ఇది డాన్సు చెయ్యడానికి పుట్టింది, బేస్ ఆగకపోవడానికి కారణం అదే.

‘ఓ బేబ్ ఇట్ ఎయింట్ నో లై’ మాత్రం నా మనసుకి అన్నిటికంటే దగ్గర. చిన్నప్పుడు పక్కింటావిడ లేనిపోని చాడీ చెబితే అమ్మ చేతిలో శిక్ష పడింది, ఆ ఉక్రోషంతో కట్టిన పాట. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ బృందం వాళ్లు 1981లో దీన్ని తమ ఆల్బమ్‌లో పెట్టుకున్నారు. కాటన్ పాడినప్పుడు కోపం గొంతులో ఎక్కడా పెరగదు, నడక తొందరపడదు, అయినా అన్యాయం జరిగిందన్న సంగతి ఆ పిల్ల ఇంకా మర్చిపోలేదని తెలుస్తూనే ఉంటుంది. చర్చి పాటల మెడ్లీలు, ‘గ్రాడ్యుయేషన్ మార్చ్’ అంత పట్టుకోకపోతే ఇబ్బందేం లేదు, వాటిని తర్వాతెప్పుడైనా వినొచ్చు.

ఎలా వినాలి అన్నదానికి సాధనాల సంగతి రెండు మాటల్లో చెబుతాను. ఇది మోనో రికార్డింగు, అంటే రెండు వైపులా ఒకే శబ్దం వస్తుంది. బేస్ పెంచే సెట్టింగులు తీసెయ్యండి, ఆవిడ వేలితో అంత తేలిగ్గా పెట్టిన బేస్‌ని అవి లావు చేసి పాడుచేస్తాయి. ఇయర్‌ఫోన్స్ కంటే గదిలో ఒక్క స్పీకరు మీద, మనిషి మాట్లాడేంత శబ్దంలో వింటే బాగుంటుంది. వీలైతే చేతులు కూడా చూడండి. అదే కుటుంబానికి చెందిన జానపద గాయకుడు పీట్ సీగర్ 1960ల్లో నడిపిన ‘రెయిన్‌బో క్వెస్ట్’ టీవీ కార్యక్రమంలో ఆవిడ వాయించిన భాగం నెట్‌లో దొరుకుతుంది. పైన నేను రాసిన బొటనవేలి సంగతంతా అందులో కళ్లకి కనపడుతుంది.

ఇది నచ్చాక 1967లో వచ్చిన ‘షేక్ షుగరీ’కి వెళ్లండి. ఆ పేరుగల పాటని ఆవిడ మునిమనవరాలు బ్రెండా ఎవాన్స్ పన్నెండేళ్ల వయసులో పాడింది, గిటార్ మాత్రం పెద్దావిడది. 1985లో తొంభై దాటిన వయసులో గ్రామీ తెచ్చిపెట్టిన ‘ఎలిజబెత్ కాటన్ లైవ్!’లో ఆవిడ జనంతో కబుర్లు చెబుతూ వాయిస్తుంది, ఈ ఆల్బమ్‌లోని ఒంటరి గది తర్వాత అది వింటే చాలా సంతోషంగా ఉంటుంది. ఇదే రాష్ట్రానికి చెందిన ఎటా బేకర్ 1956లో రికార్డు చేసిన గిటార్ ముక్కలు, మిసిసిపీ జాన్ హర్ట్ 1928 నాటి పాటలు కూడా పక్కన పెట్టుకుని వింటే ఒకే పద్ధతి మూడు చేతుల్లో మూడు రకాలుగా ఎలా పలుకుతుందో మీకే తెలుస్తుంది.

ఇక మీ చివరి ప్రశ్న, గిటార్ తిరగేసి పట్టుకోవచ్చా అన్నది. నా సలహా వద్దని. కాటన్‌కి వేరే దారి లేదు, మీకు ఉంది. తిరగేసి పట్టుకుంటే అచ్చులో ఉన్న కార్డు బొమ్మలేవీ పనికిరావు, బార్ కార్డుల్లో (ఒక వేలిని తీగలన్నిటికీ అడ్డంగా నొక్కేవి) వేళ్లు అడ్డం తిరుగుతాయి, నేర్పేవాళ్లు దొరకరు. ఎడమచేతి గిటార్ ఆర్డర్ ఇచ్చి తెప్పించుకోండి, లేదా నేర్చుకోవడం ఇంకా మొదట్లోనే ఉంటే కుడిచేతి పద్ధతిలోనే సాగండి, రెండు చేతులకీ పని ఉన్న వాయిద్యం కాబట్టి కొన్నాళ్లకి అలవాటవుతుంది. అయితే ఆవిడ శబ్దం చేతికి తెలియాలంటే ఒక పని చెయ్యండి. ఉన్న గిటార్‌నే ఒక సాయంత్రం తిప్పి పట్టుకుని, కార్డేమీ నొక్కకుండా, చూపుడువేలితో రెండు లావు తీగల్ని మార్చి మార్చి పైకి లాగుతూ, బొటనవేలితో మొదటి తీగని, అంటే అన్నిటికంటే సన్నదాన్ని, మధ్యమధ్య మీటండి. ఆ తేలికైన బేస్, ఆ నిండు స్వరం మీ గిటార్‌లోంచి కూడా వస్తాయి. తర్వాత మామూలుగా పట్టుకుని వాయించేటప్పుడు మీ బొటనవేలు ఎంత బరువు వేస్తోందో తెలుస్తుంది, దాన్ని తగ్గించుకోవడం మొదలుపెడతారు.

ఒకవేళ ఇప్పుడున్న గిటార్‌కే తీగలు తారుమారు చేసి ఎడమచేతిది చేయించుకోవాలనుకుంటే, తీగలు మారిస్తే చాలని షాపులో చెప్పినా ఒప్పుకోకండి. నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) గాడులు లావు తీగకి లావుగా, సన్న తీగకి సన్నగా కోసి ఉంటాయి, కాబట్టి నట్ మార్చాలి. శ్రుతి సరిపోవడానికి శాడిల్ (రెండో చివర గిటార్ ఒంటి మీద తీగలు ఆనే పట్టీ) ఒక వైపు వాలుగా ఉంటుంది, ఆ వాలు కూడా తిరగాలి. చౌక గిటార్ అయితే ఈ పనికయ్యే ఖర్చుకి ఇంకొంచెం వేసుకుని కొత్త ఎడమచేతి గిటారే కొనుక్కోవడం మేలు.